శుక్రవారం నాటి కోడి ముక్క

మరి మీరే చెప్పండి, కోడి ముక్క ఒక్కటి తింటే ఓటు వస్తుందంటే ఏం చేసేవారు? నేనైతే తినేసేదాన్ని. మా వదిన అసుంతా తినలేదు.

మాది వెస్ట్ వర్జీనియాలో బొగ్గుగనుల ఊరు. ఇటలీ నుంచి వచ్చిన కాథలిక్కులం కొద్దిమందిమే, మిగతా అంతా పోపును ఒప్పుకోని బాప్టిస్టులు. వదిన కన్నెపిల్లగా ఉన్నప్పుడు ఒక కాథలిక్ అధ్యక్ష పదవికి నిలబడితే, వాళ్ళ వాకిట్లో ఎవరో బెదిరింపుగా శిలువ తగలబెట్టారు. ఆయన ఓడిపోయాడు. 1960లో మళ్ళీ ఒక కాథలిక్ వచ్చాడు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగు మా రాష్ట్రంలో మే నెలలో, ఒక మంగళవారం. ఇక్కడ ఓడితే ఆయన పని అయిపోయినట్టేనన్నారు. అంతే, వదిన ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టింది. అన్నయ్య గనిలో పోయాక ఊరివాళ్ళ బట్టలుతికి బతికిన మనిషి. మొహం మీద తలుపేస్తే మళ్ళీ తట్టేది.

పక్కింటి ఓపల్ ఒక్కతే లొంగలేదు. వాళ్ళ చర్చిలో సగంమంది ఆమె మాట వింటారు. శుక్రవారం వదిన వెళ్తే, వేయించిన కోడి ప్లేటు ముందు పెట్టింది. శుక్రవారం మేం మాంసం ముట్టమని ఆమెకు తెలుసు.

"తిను పిల్లా. తింటే నా ఓటు మీవాడికే."

"రేపు తింటాలే ఓపలక్కా."

"చూశావా! రోములో పోపు వద్దంటే ఇక్కడ నీ నోరు మూతపడింది. రేపు మీవాడు గద్దెక్కినా ఇంతేగా?"

"పోపు నీ వంటింట్లోకి తొంగి చూస్తున్నాడా ఏంటి? నా నోరు నేనే కట్టుకున్నా. నీ ఓటు కోసం ఇవాళ నేను మాట తప్పితే, రేపు మావాడూ తప్పుతాడని నువ్వే అంటావు."

ఓపల్ నవ్వాపుకుంది. "నోరు కట్టుకున్నదానివి ఇంత వాగుతావా! ప్లేటు పట్టుకుపో."

శనివారం వదిన తిని, "ఉప్పు తక్కువ" అంది. ఖాళీ ప్లేటు తిరిగివ్వడం మాలో లేదు. మంగళవారం పొద్దున్నే రొట్టె కాల్చి, ప్లేటులో పెట్టిచ్చి, ఓపల్‌ని వెంటబెట్టుకుని ఓటుకు వెళ్తానంది. సోమవారం బట్టలారేస్తూ కూలబడింది. మళ్ళీ లేవలేదు.

మంగళవారం తలుపు తెరిస్తే ఓపల్, చర్చికి పెట్టుకునే టోపీతో.

"ఓటుకు తీసుకెళ్తానంది మీ వదిన. నువ్వు రా."

"ఎవరికి వేస్తావక్కా?"

"అది తినలేదుగా, ఇంక పందెం ఎక్కడిది? నడు" అని నా చెయ్యి పట్టుకుంది.

నల్లబట్టల్లోనే వెళ్ళాను. ఎవరికి వేసిందో చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. ఆ రాత్రి మావాడు గెలిచాడని రేడియోలో చెప్పారు.

ఓపల్ ప్లేటు ఇంకా మా బల్ల మీదే ఉంది. రొట్టెకని వదిన కొలిచి పెట్టుకున్న పిండి దాని పక్కనే, కలపకుండా.