పూజలో ఉండిపోయిన స్పానరు

సొంత బండి చక్రం తనను దాటుకుని ముందుకు పోవడం కళ్లారా చూసినవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారో తెలియదు. నేను చూశాను. ఆ చక్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి సాగనంపింది కూడా నేనే. ఇదంతా చదివి మీకు నవ్వు వస్తే మొహమాటపడకండి. మా బాబాయి ఆరేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు.

మాది సౌకార్‌పేటలో పసుపు, కుంకుమ టోకు వ్యాపారం. ఆ వ్యాపారం చేసి తోటివాళ్లంతా మేడలు కడితే, మా తాత మాత్రం వేలంలో ఒక పాత ట్రైలర్ ఇల్లు కొన్నాడు. రెండు చక్రాల మీద ఒక రేకు గది, లోపల రెండు పరుపులు, ఒక స్టవ్వు, కిటికీకి లేసు తెర. దాన్ని జీపు వెనక తగిలించుకుని ఆయనా, అవ్వా పులికాట్ సరస్సు దగ్గరికి పోయి రెండు రోజులుండి వచ్చేవారు. మేమంతా దాన్ని డబ్బా ఇల్లు అనేవాళ్లం. తాత పోయాక అది వ్యాసర్పాడి గోడౌన్‌లో, పసుపు బస్తాల వెనక పదేళ్లు అలాగే నిలబడిపోయింది.

ఆరేళ్ల కిందట దసరాకు ముందు బాబాయి కబురు చెప్పాడు.

"పాత ఇనుము ఆయనకు మాట ఇచ్చేసినా. పండగ అయినాక వచ్చి తీసుకుపోతాడు. ఆడ బస్తాలు పెట్టేదానికి చోటు లేదు."

అవ్వ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒక్క తూరి ఆ సరస్సు కాడ, దాంట్లో కూర్చుని కాఫీ తాగుంటే బాగుండు" అంది, అంతే.

ఆ మాట విని ఊరుకోవడం నాకు మింగుడుపడలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో మింగుడుపడనివన్నీ శపథాలై బయటికి వస్తాయి.

"బాబాయ్! దాన్ని నేను పులికాట్ తీసుకుపోతా. దాని చక్రాల మీదే వెనక్కి తెస్తా. తెచ్చినానంటే ఇనుముకు వేయకూడదు."

"నువ్వా? స్కూటరుకు స్టాండు వేసేదానికే వాచ్‌మన్‌ను పిలుస్తావే!"

"తెస్తానంటే తెస్తా."

"సెరి. మధ్యలో దాన్ని లారీ ఎక్కించినావంటే మాత్రం నేరుగా ఇనుము కొట్టుకే. నేను కూడా వస్తా, సాక్షికి."

ఆ క్షణం నుంచి నా నోట ఒకటే మాట: అంతా నేనే చూసుకుంటా. గోడౌన్ పక్కన షెడ్డు ఉన్న మెకానిక్ దాసన్న జీపు సరిచేశాడు, ట్రైలర్‌కు కొత్త టైర్లు, కొత్త బేరింగులు వేశాడు. ఆయుధ పూజ రోజు పొద్దున్నే ఊరికి పోతూ, రెండు చక్రాలూ ఇంకా ట్రైలర్‌కు ఎక్కించకుండా పక్కన నేల మీద ఉండగా నాకు పని అప్పగించాడు.

"పాపా, చక్రం కూర్చునే ఈ ఇనుప హబ్‌ను నున్నగా తుడిచేసి చక్రం ఎక్కించు. నట్లు ఎదురూ బొదురుగా బిగించు. రేపు పదిహేను కిలోమీటర్లు పోయినాక బండి నిలబెట్టి ఇంకో తూరి బిగించాల. మరిచిపోవద్దు. కొత్తగా ఎక్కించిన చక్రాన్ని నమ్మకూడదు."

"నేను చూసుకుంటా అన్నా!"

తుడిచాను కూడా. అద్దంలా తుడిచాను. అంత శుభ్రమైన ఇనుప పళ్లెం ఎదురుగా కనబడితే, పసుపు కొట్టువాళ్ల పిల్ల చెయ్యి ఊరుకుంటుందా? చక్రానికి బయట పసుపు రాస్తాం సరే, లోపలివైపు ఏం పాపం చేసింది? పైగా ఆయుధ పూజ. ముద్దలా కలిపి, గడపకు పూసినట్టు రెండు హబ్‌ల నిండా మందంగా పూశాను. వాటి మీద చక్రాలు ఎక్కించి, స్పానరు మీద నిలబడి మరీ నట్లు బిగించాను. తర్వాత ఆ స్పానరును కడిగి, బొట్టు పెట్టి, ఇంటికి తెచ్చి కొట్టు త్రాసు పక్కన దేవుడి ముందు పెట్టాను.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. పూజలో పెట్టిన పనిముట్టుకు ఆ రోజు సెలవు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా దాన్ని ముట్టరాదు. పిన్ని ఉద్వాసన చెప్పేది పదింటికి. విజయదశమి నాడు మా ప్రయాణానికి పెట్టుకున్న మంచి ఘడియ ఆరింటికి. ఇక మీకు అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

జీపు ఎక్కుతూ అవ్వ, "పాపా, మీ తాత బయలుదేరే ముందర ఏం చేసేవాడంటే..." అని మొదలుపెట్టింది.

"నేను చూసుకుంటా అవ్వా, నువ్వు హాయిగా కూర్చో."

అవ్వ వెనక సీట్లో హాయిగా కూర్చుంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోతారంటారు. నేను ఏకంగా ఒక ఇంటినే తోకకు కట్టుకుని బయలుదేరాను.

రెడ్‌హిల్స్ దాటగానే పదిహేను కిలోమీటర్లయ్యాయి. బండి ఆపి దిగాను. అప్పుడు గుర్తొచ్చింది స్పానరు ఎక్కడుందో.

"ఏమైంది?" అన్నాడు బాబాయి.

"ఏమీ లేదు బాబాయ్. నట్లు చూస్తాండా."

వేళ్లతో ఒక్కో నట్టునూ తిప్పి చూశాను. తిరగలేదు. వేళ్లకు తిరగలేదంటే బిగువుగా ఉన్నట్టేనని తీర్పు చెప్పుకున్నాను. ఇలాంటి తీర్పులు ఇచ్చేవాళ్లకు లైసెన్సు ఎవరిచ్చారని మీరు అడగవచ్చు. దాసన్న కూడా తర్వాత అదే అడిగాడు.

వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది. "పాపా, స్పానరు కావల్నా ఏమి..."

"అక్కర్లేదు అవ్వా, అంతా నేను చూసుకుంటా!"

కారణోడై దాటి పొన్నేరి దారి పట్టాం. ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన చెయ్యి గుండ్రంగా తిప్పుతూ ఏదో అరిచాడు. మా డబ్బా ఇల్లు చూసి ముచ్చటపడ్డాడనుకుని నమస్కారం పెట్టాను. తర్వాత స్కూటరు మీద వచ్చినాయన కూడా అలాగే చెయ్యి తిప్పాడు. ఆయనకూ పెట్టాను. మూడో నమస్కారానికి చేతులు ఎత్తబోతుండగా వెనక ధడేల్మంది. జీపు ఒక పక్కకు లాగింది. బ్రేకు నొక్కుతుంటే నా కుడిపక్క నుంచి, మెడలో బంతిపూల దండతో, ఏమాత్రం తొందర లేకుండా ఒక చక్రం దొర్లుకుంటూ పోయింది.

బాబాయి దాన్నే చూస్తూ, "ఆ చక్రం మనది మాదిరే ఉండాదే!" అన్నాడు.

రోడ్డు మీద ఎవరైనా ఉండి ఉంటేనో అన్న ఆలోచన ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది. అదృష్టం, ఎవరూ లేరు. చక్రం రోడ్డు దాటి, ఒక టీ కొట్టు ముందు ఇసుక కుప్పలో దిగబడి ఆగింది. మేము పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి టీ కొట్టు అక్క దానికి రెండు చేతులూ జోడించి దండం పెడుతోంది.

"చక్రం ముందర వచ్చేసింది. బండి ఎనక వస్తాదా పాపా?"

బండి ఎనక రావడం లేదు. ఒక పక్కకు ఒరిగి, మోకాలి మీద కూలబడ్డ ముసలాడిలా రోడ్డు పక్కన ఉంది. దాసన్నకు ఫోన్ చేశాను.

"హబ్‌కు ఏం పూసినావు?"

"పసుపు అన్నా. కొంచెమే."

"ఎంత కొంచెం?"

"గడపకు పూసినంత."

"పాపా, అది ఎండి పొడి అయి రాలిపోతే ఆడ సందు వస్తాది. సందు వస్తే నట్లు లూజు కాకుండా ఏమైతాయి? పదిహేను కిలోమీటర్ల కాడ బిగించినావా లేదా?"

"స్పానరు పూజలో ఉంది అన్నా."

ఆ తర్వాత ఆయన తమిళంలో అన్నది నేను రాయను. పండగ పూట.

బాబాయి మాత్రం మాట తప్పని మనిషి. అప్పుడే పాత ఇనుము ఆయనకు ఫోన్ చేసి, "లారీ తీసుకోని పొన్నేరి దారికి వచ్చేయండి, ఈడనే పడుండాది" అని చెప్పేశాడు. గంటలో లారీ వస్తుందట. అవ్వ జీపులో కూర్చుని డబ్బా ఇంటి వైపు చూస్తోంది. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చీరకొంగు బిగించాను. గంటలో చక్రం ఎక్కాలి, అంతే.

టీ కొట్టు దగ్గరున్న నలుగురూ మాతో పాటు రోడ్డంతా వెతికారు. ఐదు నట్లలో మూడు దొరికాయి. జాకీ నా దగ్గరే ఉంది, ఎందుకంటే దాన్ని పూజలో పెట్టడం మరిచిపోయాను. ట్రైలర్ ఎత్తాం, హబ్ మీది పసుపు గీకి టీ కొట్టు గుడ్డతో తుడిచాం, చక్రం తగిలించాం. రెండో చక్రం నుంచి ఒక నట్టు తీసి ఇటు వేస్తే చెరి నాలుగవుతాయి. కానీ తీయడానికీ బిగించడానికీ స్పానరేదీ? ఆగిన కార్లవాళ్లు స్పానర్లు ఇచ్చారు. ఒక్కటీ పట్టలేదు. తాతగారి బండి నట్లది పాతకాలం కొలత. టీ కొట్టు అక్క పట్టకారు తెచ్చింది. పట్టకారు వంగింది, నట్టు వంగలేదు.

"లారీ వచ్చేస్తాండాది" అన్నాడు బాబాయి.

నేను రోడ్డు మీద కూలబడ్డాను. "అవ్వా, నావల్ల కాలేదు. నన్ను క్షమించు. ఇక నువ్వే చెప్పు, ఏం చేయాల?"

అవ్వ జీపులోంచి మెల్లగా దిగింది. తాను కూర్చున్న సీటు పైకెత్తింది. పాత పంచె ముక్కలో చుట్టిన మూరెడు స్పానరు తీసి నా చేతిలో పెట్టింది.

"మీ తాత రెండు పెట్టుకునేవాడు పాపా. దేవుడికి ఒకటి, దారికి ఒకటి."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. మేము అవ్వను దాని మీద కూర్చోబెట్టి మరీ వెతికాం.

"ముందే చెప్పకూడదా అవ్వా!"

"రెండు తూర్లు చెప్పబోతిని. అంతా నేను చూసుకుంటా అంటివి. సెరి, చూసుకుంటాదిలే అని కూర్చుంటిని."

రెండో చక్రం కూడా విప్పి దాని హబ్ మీది పసుపు గీకి, నట్లన్నీ బాబాయే బిగించాడు. ఐదు కిలోమీటర్లకోసారి ఆపి బిగించుకుంటూ, నత్తనడకన పొన్నేరి చేరి, మిగతా రెండు నట్లూ ఒక పాత సామాన్ల కొట్టులో సంపాదించి, మధ్యాహ్నానికి పులికాట్ చేరాం. సరస్సు ఒడ్డున, లేసు తెర పక్కన కూర్చుని అవ్వ కాఫీ తాగింది. "మీ తాత ఇంకా రోంత చక్కెర వేసేవాడు" అని కళ్లు తుడుచుకుంది. బాబాయి బయటికి వెళ్లి, పొన్నేరి దారిలో మా కోసం ఇంకా వెతుకుతున్న ఇనుము ఆయనకు ఫోన్ చేసి వెనక్కి పొమ్మన్నాడు. లోపలికొచ్చి తాత పరుపు మీద పడుకుని సాయంత్రం దాకా గురకపెట్టాడు. డబ్బా ఇల్లు తన చక్రాల మీదే వ్యాసర్పాడికి తిరిగొచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. బస్తాలే వేరే గోడౌన్‌కు పోయాయి.

కాబట్టి ఆ మూరెడు స్పానరు మీద చెయ్యి వేసి, సౌకార్‌పేట పసుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. హబ్‌కు ఈ జన్మలో పసుపు పూయను. పదిహేనో కిలోమీటరు దగ్గర వేళ్లను నమ్మను. రోడ్డు మీద ఎవరు చెయ్యి తిప్పినా నమస్కారం పెట్టకుండా ముందు బండి దిగుతాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ ప్రయాణమైనా సరే, తాళంచెవి తిప్పే ముందు అవ్వను ఒక్కసారి సీట్లోంచి లేపి చూస్తాను.