ఊరికే వెళ్ళిన శనివారాలు

దేవకుమారి ముప్పయ్యొక్క ఏళ్ళు ఉద్యోగం చేసి ఒంగోల్లో సూపరింటెండెంటుగా రిటైరయింది. రిటైర్మెంటు రోజున వేసిన దండలో ముఖం సగం మునిగిపోయిన ఫోటో ఒకటి నాకు పంపింది. అందులో ఆమెను గుర్తుపట్టడం కష్టం. నాకు గుర్తున్న దేవకుమారి చేతిలో సంచి కూడా లేకుండా, చేతులూపుకుంటూ, చిలకలూరిపేట బస్టాండులో ఏ బస్సు ముందు కదిలితే ఆ బస్సు ఎక్కే మనిషి.

అది ఎనభై నాలుగో సంవత్సరం. పేటలో కాలవల ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని, ఆమె తెలుగు టైపిస్టు. ఇద్దరికీ కలిపి ఒక కిటికీ. ఎదురుగా జిన్నింగు మిల్లు. కిటికీ తెరిస్తే దూది పింజలు వచ్చి కార్బన్ కాగితాల మీద వాలేవి, మూస్తే ఉక్క. ఆమె తెరవమనేది, నేను మూయమనేదాన్ని. మా స్నేహం ఆ తగాదాతోనే మొదలైంది.

నేను మార్టూరు దగ్గర పల్లెటూళ్ళో పొగాకు, మిరప పండించే ఇంట్లో పుట్టాను. పేటలో మా పిన్ని ఇంట్లో ఉండి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. సెలవొస్తే పుస్తకం పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టేదాకా లేచేదాన్ని కాదు. దేవకుమారి వాళ్ళు ఊరి చివర చర్చి వెనక వీధిలో ఉండేవారు. తండ్రి లేడు. తల్లి పుల్లమ్మ కూలికి వెళ్ళి, కోతలు కోసి ఈమెను చదివించింది.

ఆదివారాలు దేవకుమారి ఎక్కడికీ కదిలేది కాదు. పొద్దున ఆరాధన, తరువాత సండే స్కూలు పిల్లలు, సాయంత్రం మళ్ళీ ప్రార్థన. "ఆదివారం దేవుడిది, రెండో శనివారం నాది" అనేది. నెలకొక్క రోజు. పొద్దున్నే బయలుదేరి, పొద్దుగూకే వేళకి తిరిగొచ్చేది. చుట్టాలున్న ఊరికి వెళ్ళదు. ఏమీ కొనదు. ఎవరినీ కలవదు. మా అటెండరు మాబు సాహెబ్ శుక్రవారం సాయంత్రం ఫైళ్ళు సర్దుతూ, "రేపు దేవకుమారి గారి టూరండీ. మంత్రిగారి టూరన్నా కాగితం మీద ఉంటది గానీ ఈ అమ్మ టూరు ఎటో ఆ ప్రభువుకి కూడా తెలవదు" అనేవాడు.

"తెలిస్తే ఆయన కూడా వస్తాడు సాహెబూ, నాకు ఒంటరిగా తిరగాలని" అనేది ఆమె.

జనవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం పుల్లమ్మ ఆఫీసుకొచ్చింది. కూతురు ఇంజనీరు గారి గదిలో ఉండటం చూసుకునే వచ్చింది. వరండా ఎక్కకుండా మెట్ల దగ్గరే నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది. మిరపకోతల రోజులు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

మా ఇంట్లో కోతలకొచ్చే ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవడమే నాకు తెలుసు. ఈమె నా స్నేహితురాలి తల్లి. ఏమని పిలవాలో తోచక, "అమ్మగారూ, పైకి రండి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఇంకెవరో వచ్చారనుకుని.

"ఇక్కడే బాగుంది అమ్మాయిగారూ. ఒక్క మాట. మా పిల్ల శనివారం శనివారం ఎక్కడికి పోతందో మీకేవన్నా జెప్పిందా?"

"నాకూ తెలియదండీ."

"అడిగితే నవ్వుద్ది. కొడితే ఏడిసే వయసు కూడా కాదు. వీధిలో అందరూ అడగతన్నారు. ఎదురింటి వీరమ్మ అయితే రోజూ అడగద్ది. పని మీద పోయింది అంటే ఏం పని అంటది. అడిగినోళ్ళకి నేనేం జెప్పను? నాకాడ మాట లేదు." గొంతు తగ్గించింది. "ఈసారి తవరు కూడా పోండి. చూసొచ్చి జెప్పండి. లేకపోతే ఆపై నెల నించి శనివారం గడప దాటనివ్వను. పాదాల మీద పడి అయినా ఆపుతా."

తల్లి పాదాల మీద పడితే దేవకుమారి ఆగిపోతుంది. అది నాకు తెలుసు. ఆగిపోయి, ఆ తరువాత కిటికీ తెరవమని కూడా అడగదేమో అనిపించింది.

ఫిబ్రవరి రెండో శనివారం నేనూ వస్తానన్నాను. దేవకుమారి నన్ను ఎగాదిగా చూసి, "మా అమ్మ పంపిందా?" అంది.

"పంపింది."

"నిజం చెప్పావు కాబట్టి రా. పుస్తకం తెచ్చుకుంటే మాత్రం బస్సులోంచి తోసేస్తా."

తెచ్చుకున్నాను, చీర కుచ్చిళ్ళ దగ్గర దాచుకుని. ముందుగా కదిలింది అద్దంకి బస్సు. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"ఇది ఎక్కడిదాకా వెళ్తే అక్కడికి."

"సాయంత్రానికి డిపోకి పోద్ది. అక్కడ పడుకుంటావా?"

బస్సంతా నవ్వింది. దేవకుమారి కూడా. నేను తల కిటికీలో దూర్చేశాను. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి అటునుంచి తిరిగేసరికి బస్సులో ఒకరి తరువాత ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. పత్తి బోరాల లారీ ఒకటి అడ్డమొస్తే చాలాసేపు దాని వెనకే నత్తలాగా పోయాం. నాకు విసుగు. ఆమె మాత్రం ఆ బోరాల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్న హమాలీని చూస్తూ, "ఎంత హాయిగా ఉన్నాడో" అంది.

అద్దంకిలో దిగి గుండ్లకమ్మ దాకా నడిచాం. ఏట్లో నీళ్ళు పాయలాగా ఒక పక్కన ఉన్నాయి. మిగతాదంతా ఇసుక. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో బిందెల్లోకి తోడుకుంటున్నారు. దేవకుమారి చెప్పులు విడిచి ఇసుకలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఒకతను సైకిలు దిగి మా వైపే వచ్చేసరికి, ఇతనే అనుకున్నాను. "టైమెంతయిందండీ?" అని అడిగి, చెప్పాక, "ఇంకా అంతేనా" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు గంటలు గడిచాయి. ఒక చెలమలో నీళ్ళు అయిపోయి, మళ్ళీ ఊరి, మళ్ళీ అయిపోయాయి.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

"మరెందుకే రావడం?"

"ఊరికే."

తరువాత తనే అంది. "రత్నం, నేను నెలంతా టైపు చేసే ప్రతి కాగితం మీద పైన ఏముంటుంది? విషయం. దాని కింద సూచిక. విషయం లేకుండా, సూచిక లేకుండా ఒక్క కాగితం కూడా ఆ మిషన్ లోంచి బయటికి రాదు. ఇంటికెళ్తే అమ్మకి నా ప్రతి అడుగుకీ ఒక పని ఉండాలి. ఆవిడ బతుకంతా అంతే, తప్పనను. నెలకొక్క రోజు విషయం లేని రోజు ఉంటే ఏమవుతుంది?"

నాకు ఒక ఉపాయం తోచింది. "చీరాలలో ప్రార్థన కూటానికి వెళ్తున్నావని చెప్పేస్తాను. మీ అమ్మకి మాట దొరుకుతుంది, వీరమ్మ నోరు మూతపడుతుంది."

"చెప్పు. వచ్చే నెల నుంచి నేను నిజంగానే ప్రార్థన కూటానికి వెళ్ళాలి. ఎవరు ప్రసంగం చేశారో, ఏ వాక్యం చెప్పారో ఆవిడ అడుగుతుంది. ఇదీ ఒక డ్యూటీ అయిపోతుంది." ఇసుక దులుపుకుని లేచింది. "అబద్ధం వద్దే. నిలిస్తే నిజం మీదే నిలవనీ, పోతే పోనీ."

సోమవారం పుల్లమ్మ మళ్ళీ మెట్ల దగ్గరికొచ్చింది. ఈసారి నేనే కిందికి దిగాను.

"చూశారా? ఎవరన్నా...?"

"ఎవరూ లేరండీ. అద్దంకి వెళ్ళాం. ఏటి ఒడ్డున కూర్చున్నాం. వచ్చేశాం."

"ఎందుకు పోయింది మరి?"

"ఊరికే వెళ్ళింది."

"అదేనమ్మా, ఏ ఊరికి?"

"ఏ ఊరికీ కాదండీ. ఊరికే."

పుల్లమ్మ నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం చేయడం లేదని నమ్మకం కుదిరాక, "ఊరికే అంటే వీధిలో ఊరుకుంటారా?" అంది.

ఆవిడ మెట్టు మీద కూర్చుంది, అంచున. మంటగా ఉన్న వేళ్ళను కొంగుతో ఒత్తుకుంటూ, నాతో కాదన్నట్టుగా చెప్పుకుపోయింది.

"మా పిల్ల పుట్టకముందు వేటపాలెంలో రెండేళ్ళు జీడిపప్పు కొట్టా. ఆ తొక్కులో జీడి రసం తగిలి చేతులు నల్లగా కాలిపోయేయి. ఇప్పుడు ఈ ఎరుపు, అప్పుడా నలుపు. అక్కడికి సముద్రం నాలుగు మైళ్ళంట. తెల్లారుజావున గాలి ఇటు కొడితే వాసనొచ్చేది. ఒక్కరోజు చూళ్ళేదు. ఎవరూ రమ్మన్లా. పనేవీ లేదుగా ఆడ."

లేచి వెళ్ళిపోయింది. గడప దాటనిస్తానని గానీ దాటనివ్వనని గానీ అనలేదు.

మార్చి రెండో శనివారం తరువాత సోమవారం దేవకుమారి ఆఫీసుకి వస్తూనే కిటికీ తెరిచి, నవ్వడం మొదలుపెట్టింది. ఆ శనివారం ఆమె బయలుదేరుతుంటే పుల్లమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడిందట. ఆపడానికేమో అనుకుంటే, "సముద్రం కాడికి బస్సు పోద్దా?" అందట. చీరాలలో బస్సు మారి వాడరేవు వెళ్ళారు. దారంతా పుల్లమ్మ ముందు సీటు కమ్మీ వదల్లేదు. ఇసుకలో దిగి, నీళ్ళు పాదాలకు తగిలేసరికి ఒక్క అరుపు అరిచిందట.

"చివరికి ఏమందో తెలుసా? ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఒక్క మడి తడవదే, మీ ఆఫీసోళ్ళు దీనికి కాలవ తవ్వలేదా అంది. ఆ తరువాత, పద పద, బస్సు పోద్ది అని ఒకటే తొందర. మళ్ళీ రమ్మంటే రానంది. ఒకసారి చూస్తే చాలట."

"మరి నీ సంగతి?"

"ఏమో. అడగలేదు. చెప్పలేదు."

ఏప్రిల్ రెండో శనివారం నేను చదువుతున్న పుస్తకం సగంలో మూసి, చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఎటని అనుకోలేదు. చర్చి వెనక వీధిలోకి వచ్చాక గానీ ఎక్కడికొచ్చానో చూసుకోలేదు. పుల్లమ్మ పంచలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురింట్లోంచి వీరమ్మ గొంతు వీధంతా వినబడుతోంది.

"ఏమే పుల్లమ్మా, పొద్దుటి నించి నీ కూతురు కనపడదే? ఎక్కడికెళ్ళింది?"

"ఊరికే ఎళ్ళింది."

"ఏ ఊరికే?"

"ఏ ఊరికైతే నీకేంటే? నువ్వు టిక్కెట్టు కొనిచ్చావా? ఊరికే ఎళ్ళిందంటే ఊరికే!" అని చేట ఒక్కసారి గట్టిగా చెరిగింది. ఊక వీరమ్మ ఇంటి వైపే ఎగిరింది. వీరమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది.

అప్పుడు నన్ను చూసింది. "మా పిల్ల లేదుగా అమ్మాయిగారూ. ఏవన్నా పని మీద వచ్చారా?"

ఏం పనో చెప్పాలని కాసేపు వెతికాను. దొరకలేదు.

"లేదండీ. ఊరికే."

పుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చేట పక్కన పెట్టి, పంచలో కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.