నేను నేర్పని సైగ

మాటలు రాకముందే అడగడం రావాలని, మా అన్నయ్య కూతురికి ఫోన్లో చూసి రెండు సైగలు నేర్పాను. పాలకి గుప్పిట మూసి తెరవడం, ఇంకా కావాలంటే రెండు చేతుల వేళ్లు కలపడం.

ఈ మధ్యాహ్నం నందిగామలో మా ఇంట్లో పాప ఖాళీ నులకమంచం వైపు చూస్తూ ముక్కు పక్కన వేలితో తట్టుకుంది. మాటలు రాని మా నాయనమ్మ ఆ మంచం మీంచే అమ్మని అలాగే పిలిచేది, అమ్మ ముక్కుపుడక గుర్తుగా. పాప పుట్టకముందే నాయనమ్మ పోయింది.

వంటింట్లోంచి అది చూసిన అమ్మ, అలవాటుగా "వస్తున్నా అత్తమ్మా" అనేసింది. వెంటనే ఆగి, "ఇదీ నువ్వే నేర్పావు కదే? అవునని చెప్పు" అంది.

అవునన్నాను. మీరైతే ఏమనేవారు?

పాప మాత్రం మంచం వైపే చూస్తూ వేళ్లు కలిపింది. ఇంకా కావాలట.