అతని మోకాలు, మా అమ్మాయి బడి

నాకు ముందు పరిచయమైంది అతని మోకాలు. జెద్దాలో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికి ఓ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు అతన్ని పంపేవారు. పరాగ్వే మనిషి, మిడ్‌ఫీల్డర్. అంటే ఏమిటని మా ఆయన్ని అడిగాను.

"ముందోళ్ళకీ ఎనకోళ్ళకీ మధ్యన పడి పరిగెడతానే ఉండాలి. గోలు కొట్టిన పేరు మాత్రం ఇంకోడిది" అన్నాడు. ఈ ఇంట్లో ఆ ఆట నేను ఎప్పటినుంచో ఆడుతున్నానన్నాను.

ఐసు పెట్టి కట్టు కట్టడం నా పని. కడుతున్నంతసేపూ అతను మచ్చలు చూపిస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇది మెక్సికోలో, ఈ కుట్లు టర్కీలో, ఈ ఆపరేషన్ చైనాలో. ఏ ఊళ్ళోనూ ఏ క్లబ్బూ అతన్ని ఎక్కువకాలం ఉంచుకోలేదట. గొప్పకి చెప్పడం కాదు, అలిసిపోయి చెప్పడం. డ్యూటీ దిగాక నా గొంతూ అంతే.

మా ఆయనది జెద్దాలోనే షరఫియా బజారులో సెల్‌ఫోన్ల దుకాణంలో పని. నితాఖత్ రూలంటూ ప్రభుత్వం ఆ పనులన్నీ సౌదీలకే ఇచ్చేయడంతో ఆయన పని పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటులా విదేశీ కుటుంబాల మీద లెవీ అని పన్నొకటి వచ్చింది. ఆయనకీ అమ్మాయికీ తలకింతని నా జీతంలోంచే కట్టాలి, పైగా ఏటేటా పెరుగుతుంది. ఇద్దరినీ భీమవరం పంపేయాలా, ఎలాగోలా ఉంచుకోవాలా? ఇంట్లో రోజూ అదే గొడవ.

ఒకరోజు ఆ చిరాకులో అతని మోకాలికి కట్టు మరీ బిగించి కట్టేశాను. "నా మీద కోపమా సిస్టర్?" అన్నాడు. సంగతి చెప్పాను.

"పంపెయ్యండి" అన్నాడు. కొడుకుని దేశదేశాలూ వెంట తిప్పుకున్నాడట. చివరికి ఆ పిల్లాడు కొత్త బడిలో అడుగు పెట్టకముందే "ఇక్కడ ఎన్నాళ్ళు?" అనేవాడట, ఎవరితోనూ కలిసేవాడు కాదట. భార్య వాణ్ణి తీసుకుని సొంతూరు వెళ్ళిపోయింది. "ఇప్పుడు వాడికి స్నేహితులున్నారు."

నాకు ఒళ్ళు మండింది. ఇతని ఖర్చులన్నీ క్లబ్బు కడుతుంది, ఉచిత సలహాలకేం! కానీ మా అమ్మాయి క్లాసులోనూ బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ప్రాణస్నేహితురాలు కేరళ వెళ్ళిపోయిన రోజు "మనమెప్పుడమ్మా?" అని అడిగింది. పాస్‌పోర్టుల్లో ఇక తిరిగిరాని ఎగ్జిట్ వీసా కొట్టించి ఇద్దరినీ పంపేశాను.

ఆ సీజన్ మధ్యలోనే క్లబ్బు అతన్ని వదిలేసింది. విదేశీ ఆటగాళ్ళు ఇంతమందే ఉండాలని వాళ్ళకీ లెక్కుంది. అతని చోటుకి ఇంకో కుర్రాడు దొరికాడు. మోకాలి రిపోర్టుల కోసం చివరిసారి వచ్చిన పరాగ్వే మనిషి మా అమ్మాయి గురించి అడిగాడు. వెళ్ళిపోయిందన్నాను. "మీరూ ఇంటికి వెళ్తున్నారు, అదృష్టవంతులు" అన్నాను.

అతను నవ్వలేదు. "ఫోన్‌లో మావాడు హలో అని వాళ్ళమ్మకి ఇచ్చేస్తాడు. వెళ్ళి వాడితో ఏం మాట్లాడాలో తెలియడం లేదు సిస్టర్."

ఈ మాట ఆరోజే ఎందుకు చెప్పలేదని నిలదీయాలనిపించింది. ఓపిక లేక రిపోర్టులు అతని చేతిలో పెట్టాను.

సాయంత్రం భీమవరం ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి గొంతు నిండా నవ్వు. వెనక ఎవరో పిల్ల పిలుస్తోంది. "ఫ్రెండ్ వచ్చిందమ్మా, నాన్నకిస్తున్నా" అనేసి పరిగెత్తింది.

స్నేహితురాలు దొరికినందుకు సంతోషించాలి. మా ఆయన హలో, హలో అంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.