చార్టులో లేని జవాబు

తిరపతిలో నేను జర్మన్ భాష చెప్తానంటే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. కొండకొచ్చే జనానికి జర్మన్ ఎందుకు అంటారు. వాళ్ళకేం తెలుసు, ఈ చుట్టుపక్కల నర్సింగు చదివిన పిల్లలంతా ఇప్పుడు ఆ దేశం దిక్కే చూస్తా ఉండారు. ఆడ ముసలోళ్ళు ఎక్కువ, వాళ్ళను చూసుకునేవాళ్ళు తక్కువ. భాష రాకుంటే వీసా ఇయ్యరు. అందుకే ఊళ్ళో ఏ సందులో చూసినా కింద మెడికల్ షాపు, పైన జర్మన్ క్లాసు. నేను చెప్పేది కూడా అట్లాంటి ఒక మేడ మీదనే. మాకు కింద ఉండేది టిఫిన్ సెంటరు కాబట్టి పొద్దున క్లాసంతా పోపు వాసనలోనే జరుగుతాది.

పిల్లలు మంచోళ్ళు. అది ముందే చెప్పాల, లేకుంటే నేను వాళ్ళను తిడతా ఉండానని అనుకుంటారు. గూడూరు నుంచి తెల్లారకముందే రైలెక్కి వచ్చే పిల్లలు ఉండారు. పలమనేరు చల్లదనం వదిలిపెట్టి వచ్చి, హాస్టల్లో ఉంటా, ఈ ఎండకు తట్టుకోలేక తలనొప్పితో కూర్చునే పిల్లలు ఉండారు. కష్టానికి ఎనకాడరు. వాళ్ళను పాడు చేసింది బిట్లు. ఒకటో తరగతి నుంచి నర్సింగు దాకా గైడు, బిట్లు, బట్టీ, ఒప్పజెప్పడం. నేను ఈడ చేరిన కొత్తలో ఒక రోజు, ఈ ఊళ్ళో మీకు నచ్చనిది ఏందో ఒక్కటి చెప్పండి అని జర్మన్‌లో అడిగినాను. క్లాసంతా పెన్నులు తీసుకుని నా మొహం చూసింది. ఒకమ్మాయి లేచి, ఆన్సరు చెప్పండి మేడం, రాసుకుంటాం అనింది. ఈ ఎండలో నడుస్తా, ఈ ఆటోవాళ్ళతో రోజూ గొడవ పడతా, నచ్చనిదేందో నన్ను అడుగుతా ఉండారు. నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు.

ఆ రోజు పట్టుకునింది నాకు మొండితనం. పరాయి భాషలో నోరు తెరవడమంటే, ఎదుటి మనిషి ఏం అడుగుతాడో తెలియకుండా ఆ మనిషి ముందర నిలబడటం. దానికి బట్టీ పనికిరాదు. అందుకని క్లాసు చివర అరగంట ఒక పద్ధతి పెట్టినాను. నేనొక మాట అంటాను, దాన్ని ఎవరైనా కాదనాల, ఎందుకు కాదో చెప్పాల. తప్పుల భాషైనా ఫర్వాలేదు. శానా రోజులు గోడకు చెప్పుకున్నట్టే ఉన్నింది. అయ్యవారి మాట కాదనడమంటే వాళ్ళకు దేవుడి పటానికి కాలు తగిలినంత పని.

మొదట కాదనింది సత్యవేడు పక్క నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్ళది సేద్యం చేసుకునే ఇల్లు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, ఆదివారం చర్చిలో రెండూ. క్లాసులో మాత్రం ఏ భాషా లేదు, గమ్మున ఎనక కూర్చునేది. ఒక రోజు నేను, రోగి ఎప్పుడూ నర్సు చెప్పినట్టే వినాల అన్నాను. ఆ పిల్ల చెయ్యెత్తి, ముక్కలు ముక్కలు జర్మన్‌లో, ఎందుకు మేడం, ఒళ్ళు ఆయనది కదా అనింది. నేను తిడతానేమో అని క్లాసంతా నా పక్క చూసింది. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ పొద్దు నుంచి ఆ పిల్ల ఆగలేదు. నన్ను కాదనింది, పుస్తకాన్ని కాదనింది, ఆఖరికి నవ్వినోళ్ళను కూడా కాదనింది. క్లాసైపోయినాక మెట్లు దిగుతా కూడా నాతో వాదించేది.

వాళ్ళ నాయన ఆ పిల్లకు ఒక్క ఏడాది ఇచ్చినాడు. ఆ లోపల జర్మనీ పోతే పోయినట్టు, లేకుంటే ఈడనే ఏదో ఒక ఆస్పత్రిలో చేరి చెల్లెలి చదువు చూసుకోవాల. ఆ సంగతి నాకు ఆ పిల్లే చెప్పింది, బస్సు టైము చెప్పినంత మామూలుగా. కానీ చెప్పేటప్పుడు చున్నీ కొస చుట్టుకుంటా, విప్పుకుంటా ఉన్నింది. అప్పటికే ఏడాదిలో సగం పైన అయిపోయినాది. అప్పుడే ఆ దేశపు ఆస్పత్రి వాళ్ళు ఒకరు మా సెంటరుతో మాట్లాడుకుని, వీడియోలో ఇంటర్వ్యూ చేసి పిల్లల్ని తీసుకుంటామన్నారు. ఆ పిల్లకు ఉన్న దోవ అదొక్కటే.

సెంటరు నడిపే డైరెక్టరు సారుకు ఇంటర్వ్యూలంటే ఒక సొంత పద్ధతి ఉండాది. ల్యాప్‌టాప్ ఎనకాల గోడకు పెద్ద చార్టు అతికిస్తాడు. దాంట్లో జవాబులన్నీ లావు అక్షరాలతో రాసుంటాయి. చార్టు ఎగరకుండా ఫ్యాను ఆపేస్తాడు. ఇంగ ఆయనే ఒక స్కేలు పట్టుకుని పక్కన నిలబడి, ఏ వరస చదవాల్నో చిన్న బడి అయ్యవారి మాదిరి చూపిస్తాడు. నర్సు ఎందుకైనావు అనే ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు: చిన్నప్పుడు మా అవ్వకు జబ్బు చేసింది, ఒక నర్సు ప్రేమగా చూసుకునింది, ఆ రోజే నేను నర్సు కావాలని అనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి కొట్లాడినాను. ఇంతమంది అవ్వలకు ఒకే జబ్బు ఎట్ల వచ్చింది సార్ అని అడిగినాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు.

"ఆలోచించేదానికి ఇప్పుడు టైం యాడుండాది మేడం? సెలెక్టయి ఆడికి పోయినాక తీరిగ్గా ఆలోచించుకుంటారు లెండి."

ఇంటర్వ్యూ రోజు నేను కెమెరాకు కనపడకుండా ఒక పక్క కుర్చీ ఏసుకుని కూర్చున్నాను. ఫ్యాను లేక అందరికీ చెమటలు. తెర మీద ఒక పెద్దామె, ఒక మగాయన. ముందు పోయిన పిల్లలంతా గడగడా అవ్వ కథ ఒప్పజెప్పినారు. చూపు కెమెరా మీద లేదు, స్కేలు ఎంబడే పోతా ఉండాది. తెర మీదోళ్ళు తల ఊపుతా ఏదో రాసుకున్నారు. సారు నా పక్క తిరిగి చిన్నగా నవ్వినాడు, చూసినావా అన్నట్టు.

తర్వాత సత్యవేడు పిల్ల కూర్చునింది. పెద్దామె అదే ప్రశ్న అడిగింది. సారు స్కేలు ఎత్తినాడు. ఆ పిల్ల చార్టు పక్కకే చూడలేదు. మొదట్లో నాకు ఈ చదువు ఇష్టం లేదు, సీటు దొరికింది కాబట్టి చేరినాను అనింది. సారు మొహం పాలిపోయింది. ఆ పిల్ల నిదానంగా చెప్పుకుంటా పోయింది. వార్డులో డ్యూటీ చేసేటప్పుడు ఒక ముసలామె చెప్పులు దిండు కింద పెట్టుకుని పడుకునేది. అందరూ తిట్టి, ఆ చెప్పులు తీసి బయటేసేవాళ్ళు. ఆమె మళ్ళీ తెచ్చుకునేది. ఎందుకవ్వా అని తాను అడిగింది. నన్ను చూసేదానికి ఎవరూ రారు, చెప్పులు పోతే బస్సు దాకా ఎట్ల నడిచేది అనింది ఆమె. తాను ఆ చెప్పుల్ని ఒక సంచిలో ఏసి మంచం కోడుకు కట్టింది. ఆ పొద్దు ఆమె హాయిగా నిద్రపోయింది. ఈ పని అప్పుడు నచ్చింది నాకు అని ముగించింది. తప్పులున్నాయి ఆ భాషలో, లేవని నేను చెప్పను. కానీ ఆ పెద్దామె పెన్ను కింద పెట్టి వినింది. ఇంకా ఏవేవో అడిగింది, ఆ పిల్ల నవ్వుతా జవాబులు చెప్పింది. నేను అంత గర్వపడిన రోజు నా బతుకులో ఇంకోటి లేదు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలబడలేదు. ఒక నిజమైన జవాబు వినినాక, అంతకుముందు వినినవన్నీ ఏందో ఆ పెద్దామెకు అర్థమైపోయింది. ముందు పోయినోళ్ళను మళ్ళీ పిలవమనింది. గూడూరు నుంచి వచ్చే ఒక పిల్లను, మీ అవ్వకు ఏం తినడం ఇష్టం అని అడిగింది. అది చార్టులో లేదు. సారు స్కేలు గాల్లోనే ఆగిపోయింది. ఆ పిల్ల చార్టులో కింద వరస చదివేసింది: ఖాళీ టైములో నేను తోటపని చేస్తాను. పలమనేరు పిల్లను, మీ అవ్వ ఏం పని చేసేది అని అడిగితే, ఆ పిల్లా తోటపని వరసే చదివింది. నిజానికి ఆ పిల్ల అవ్వ ఇంట్లోనే ఉండాది, ఇప్పటికీ తెల్లారేసరికి లేచి పాలు పిండతాది. ఆ ఒక్క మాట చెప్పుంటే చాలు. చెప్పొచ్చని ఆ పిల్లకు తోచనే లేదు.

ఈ సెంటరుతో మాకు ఇంగ పని లేదు అని ఆ ఆస్పత్రి వాళ్ళు చెప్పేసినారు. సత్యవేడు పిల్ల మాత్రం నేరుగా తమకే కాగితాలు పంపుకోవచ్చు అన్నారు, దానికొక గడువు పెట్టినారు. పంపుదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు సారు బీరువాలో ఉండాయి. చేరేటప్పుడే అవి ఇచ్చెయ్యాల, ఈడ అదే ఆనవాయితీ, ఎందుకని ఎవరూ అడగరు. ఆ పిల్ల పోయి అడిగితే రేపు రా అన్నాడు. రేపు పోతే తాళం ఇంట్లో మర్చిపోయినానన్నాడు. ఈ లోపల మిగతా పిల్లల అమ్మానాయనలు వచ్చి మేడ ఎగిరిపొయ్యేటట్టు అరిచినారు. సారు చెయ్యి చూపించింది ఆ పిల్ల మీదకే. రోజూ ఆ పిల్లతో కలిసి క్యారియరు తినే గూడూరు పిల్ల కూడా మొహం తిప్పుకుని వేరే బెంచీకి పోయింది. నేను సారు గదిలోకి పోయి, ఆ పిల్ల బతుకు ఎందుకు చెడగొడతా ఉండారని నిలదీసినాను.

"దాన్నొక్కదాన్నే పంపిస్తే మిగతావాళ్ళకు నేనేం చెప్పాల? అందరి మాదిరి అది కూడా గమ్మున చార్టు చదివుంటే, ఈ పొద్దు అందరూ పోతా ఉన్నిందురు."

పోలీసు స్టేషనుకు పోదాం రా అన్నాను ఆ పిల్లతో. వాళ్ళ నాయన వచ్చి నాకు రెండు చేతులూ జోడించి, గొడవ వద్దమ్మా, ఆయప్ప మనసు కరిగితే ఇస్తాడులే అన్నాడు. గడువు దాటినాక ఆయప్ప మనసు కరిగింది. సర్టిఫికెట్లు తెచ్చి చేతిలో పెట్టినాడు, జాగ్రత్తమ్మా అని ఒక మాట కూడా అన్నాడు. వాళ్ళ నాయన ఇచ్చిన ఏడాది కూడా అయిపోయినాది, ఆ పిల్ల తిరపతిలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలకు చేరింది. నువ్వు ఊరికే ఉండుంటే ఇంత జరిగేది కాదు కదా అని మా ఇంట్లోవాళ్ళే నన్ను అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. దొంగ చార్టు అతికించినోణ్ణి వదిలేసి, నిజం చెప్పమన్నదాన్ని అడుగుతారా?

సారు ఏమీ నేర్చుకోలేదని మాత్రం అనుకోవద్దండి. ఆయనే అందరికంటే బాగా నేర్చుకున్నాడు. పాత అవ్వ కథ పీకేసి, సత్యవేడు పిల్ల చెప్పింది చార్టుకెక్కించినాడు. అందరూ ఒకటే చెప్తే దొరికిపోతారని మార్పులు కూడా చేసినాడు. ఒకరి వార్డులో ముసలామె దిండు కింద చెప్పులు, ఇంకొకరి వార్డులో కళ్ళజోడు, ఇంకొకరి వార్డులో ఇంటి తాళంచెవి. ఆ ముసలామెకు ఏం తినడం ఇష్టమో అది కూడా రాసిపెట్టినాడు, ఎవరైనా అడిగితే ఉంటుందని. మొదట్లో నాకు ఈ చదువు ఇష్టం లేదు అనే మాటను, కొంచెం ఆగి, తల దించుకుని చెప్పాలని నేర్పించినాడు. నా అరగంట తీసేసి మాట్లాడే క్లాసు తానే పెట్టుకున్నాడు. నాకు చదవడం, రాయడం మిగిలినాయి. మానేసి యాడికి పోవాల, పక్క సందులో కూడా ఇదే చార్టు.

తర్వాత వేరే ఆస్పత్రి వాళ్ళు ఇంటర్వ్యూ చేసినారు. ఆ బ్యాచ్ అంతా సెలెక్టయింది. ఈ ఊరి పిల్లలకు మనసుండాది, సొంతంగా ఆలోచిస్తారు అని మెచ్చుకున్నారంట. గూడూరు పిల్ల, పలమనేరు పిల్ల కూడా మళ్ళీ చేరి దాంట్లోనే పోయినారు. మేడకు ఈ కొస నుంచి ఆ కొసకు వాళ్ళ ఫొటోలతో ఫ్లెక్సీ కట్టినారు. నేను రోజూ దాని కిందనే లోపలికి పోతాను. కడుపు మండుతాది, అయినా పోతాను.

మొన్న పొద్దున నేను తాళం తీస్తా ఉంటే సత్యవేడు పిల్ల మెట్ల మీద కూర్చోనుండాది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కండ్లు ఎర్రగా ఉండాయి. పక్కన చెల్లెలు, నర్సింగు చదువు అప్పుడే అయిపోయిందంట. నన్ను చూసి ఇద్దరూ లేచినారు. నేను మంచీ చెడ్డా అడిగి, చెల్లెలి భుజం మీద చెయ్యేసి, దీనికి నేను దగ్గరుండి చెప్తాలే అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి మెల్లగా తీసి తన చేతిలో పట్టుకునింది. గొంతులో కోపం లేదు. ఉండుంటే తట్టుకునేదాన్ని.

"వద్దు మేడం. దీన్ని సారు క్లాసులో కూర్చోబెట్టండి. ఇదైనా పోవాల."

నాతో అంతగా వాదించిన పిల్ల అది. ఆ పొద్దు వాదించాల్సింది నేను. చెల్లెల్ని లోపలికి పిలుచుకుపోయి, సారు క్లాసులో చార్టు బాగా కనపడే చోటు చూసి కూర్చోబెట్టినాను.