కాళ్ళు మరిచిన బొమ్మతో ఎమ్మిగనూరుకు

పొద్దున ఎనిమిదింబావుకు ఆదోని బస్టాండులో నందవరం బస్సు ఎక్కాను. ఎమ్మిగనూరు మీదుగా పోయే బస్సు అది. ఏడింటికి ఒకటుండేది గాని దాన్ని కావాలనే వదిలేశాను. బస్టాండు ఎదురుగా బండి మీద అమ్మే బొరుగుల ఉగ్గాణి, దాని పక్కన రెండు మిరపకాయ బజ్జీలు తినకుండా ఆదోని విడిచిపోవడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. టికెట్టు రూపాయిన్నర మీద కొంచెం చిల్లర. కుడిచేతి వైపు మూడో వరుసలో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో అట్టల మధ్య కట్టిన బొమ్మ, భుజానికి సంచి, సంచిలో రంగు సీసాలు, ఇండియన్ ఇంకు, మూడు కుంచెలు, ఎందుకైనా మంచిదని ఒక ఖాళీ కార్డు.

ఇది డెబ్బయ్యో దశకం చివరి సంగతి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డ్రాయింగులో లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసై, అంగళ్ళకు బోర్డులు రాస్తూ, పెళ్ళిపత్రికల మీదికి వినాయకుణ్ణి గీసిస్తూ కాలం గడుపుతున్నాను. కమర్షియల్ ఆర్టిస్టు కావాలని నా కోరిక. బీడీ కట్టల మీద, నూనె డబ్బాల మీద నా బొమ్మ అచ్చయి ఊరూరా తిరగాలి. మా నాన్న ప్రాథమిక పాఠశాలలో పంతులు. నేను ఒకటో తారీఖున జీతం తేవాలని ఆయన కోరిక. తనకు తెలిసిన పత్తి మిల్లులో గుమాస్తా పని ఖాయం చేసి, సోమవారం చేరమన్నారు.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరులో చీరల వ్యాపారం చేసే మల్లికార్జునప్ప అనే సావుకారు, చీర మడత మీద అంటించే లేబులుకు కొత్త బొమ్మ కావాలని కబురు పంపాడు. మగ్గం నేసే ఆడమనిషి బొమ్మ ఉండాలట. నాన్నకూ నాకూ ఒప్పందం కుదిరింది. సావుకారు బొమ్మ ఒప్పుకుంటే నేను మిల్లుకు పోను. ఒప్పుకోకపోతే సోమవారం నోరెత్తకుండా పోతాను. నేను బస్సెక్కింది శనివారం.

సావుకారు రమ్మన్నది మధ్యాహ్నం మూడింటికి. ఆ సాయంత్రమే ఆయన లేబుళ్ళు అచ్చు వేయించడానికి శివకాశి ప్రయాణం. మూడింటి పనికి పొద్దున్నే బయలుదేరడం మా ఇంటి ఆచారం. మేము రైలు కూత వినకముందే స్టేషను చేరి నిద్రపోయే రకం.

ఊరు దాటగానే నల్లరేగడి చేలు. పత్తి ఏరే కాలం. మార్కెట్టుకు పోయే బండ్లు ఎదురవుతుంటే మా డ్రైవరు ప్రతి బండికీ బస్సును రోడ్డు దించి దారి ఇస్తున్నాడు. దారి పొడుగునా తుమ్మకంపలకు బండ్ల మీంచి ఎగిరిన పత్తి చిక్కుకొని ఉంది. నా మనసు ఎంత ఉల్లాసంగా ఉందంటే, ఆ కంపలు కూడా నా కోసమే పూసినట్టనిపించాయి.

నా పక్కన అరవై ఏళ్ళ పెద్దావిడ కూర్చుంది. పేరు సుంకమ్మ. ఆదోనిలో కూతురింటికి వచ్చి పండుగ పూటకని ఎమ్మిగనూరుకు తిరిగిపోతోంది. వాళ్ళది నేసే ఇల్లని చెప్పగానే నా చేతులు ఆగలేదు. మల్లికార్జునప్ప లేబులుకని చెప్పి, అట్టలు విప్పి బొమ్మ చూపించాను. నిజం చెప్పాలంటే పొగడ్త కోసమే చూపించాను.

బొమ్మ బాగుంది. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఎర్ర చీర, జడలో మల్లెలు, కళ్ళలో కాటుక, ముందర మగ్గం, చేతిలో పోగును అటూ ఇటూ మోసే నాడె. ఆమె పీట మీద పద్మాసనం వేసుకొని కూర్చుంది. చీర కుచ్చిళ్ళు చుట్టూ పరుచుకొని ఉన్నాయి.

సుంకమ్మ బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "చానా బాగుండాది నాయనా. ఈయమ్మకు కాళ్ళేవి?"

"చీర కింద ఉన్నాయమ్మా."

"చీర కింద పెట్టుకోని కూసుంటే నేసేదెట్లప్పా? మగ్గం ఆడేదే కాళ్ళతో గదా."

ముందు సీట్లో ఉన్న రైతు వెనక్కి తిరిగి బొమ్మ చూశాడు. "ఉండనీలేమ్మా, మొగం బాగుండాది. కాళ్ళదేముంది."

"నీ ఎద్దుకు కాళ్ళు లేకపోతే మొగం చూసుకోని సేద్యం చేస్తావేమప్పా?" అంది సుంకమ్మ. బస్సు సగం నవ్వింది. నాకు కోపం వచ్చింది. బొమ్మలో అన్నీ ఉండక్కరలేదని, ఇది కళ అని ఏదో అన్నాను. ఆమె కాదనలేదు. "మా సావుకారు సిన్నప్పుడు గుంతలో కూసోని నేసినోడే. నీ ఇష్టం" అంది. ఆ మాటతో నా కోపం దిగిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, నాకు కాళ్ళు వేయడం రాదు. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వచ్చేవి. అందుకని నేను వేసిన ప్రతి మనిషి కాళ్ళకూ ఏదో ఒకటి అడ్డం పెట్టేవాణ్ణి. పెళ్ళికూతురికి కుచ్చిళ్ళు, రైతుకు పైరు, దేవుళ్ళకు మేఘాలు. ఇంకా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న మగ్గాన్ని ఒక్కసారైనా పోయి చూడకుండా పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి వేశాను. ఇక్కడి మగ్గం నేలలో గుంత తీసి పెడతారని, నేసేవాళ్ళు గుంత అంచున కూర్చొని కాళ్ళు లోపలికి వదిలి కింద చెక్కలు తొక్కుతారని సుంకమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

తొమ్మిదిన్నరకు ఎమ్మిగనూరులో దిగాం. "అమ్మా, మీ మగ్గం ఒక్కసారి చూపిస్తావా?" అన్నాను.

"రాప్పా. అయితే ఈ పొద్దు అమాస. మగ్గం ఆడదు."

నేతగాళ్ళ వీధిలో నడుస్తుంటే ఎక్కడా చప్పుడు లేదు. మామూలు రోజుల్లో మగ్గాల మోతకు ఆ వీధిలో మనిషి మాట వినబడదట. అమావాస్య నాడు మగ్గానికి విశ్రాంతి, నేతగాళ్ళకు అదే పండుగ. దుమ్ము దులిపి, కుంకుమ పెట్టి, పూలు వేస్తారు. ఆ రోజు గుంతలో కాలు పెట్టరు. సుంకమ్మ కొడుకు ఈరన్న, కోడలు లక్ష్మి గడప దగ్గర నిలబెట్టి మగ్గం చూపించారు. పసుపు రాసిన గుంత, అడుగున రెండు చెక్కలు. అంతవరకు గీసుకున్నాను. కాని కాళ్ళు ఎలా కదులుతాయో చూడకుండా ఏం వేయాలి?

"నాడె కుడి నుంచి ఎడమకు పోయేటప్పుడు ఏ కాలు కింద ఉంటుందన్నా?" అని ఈరన్నను అడిగాను.

"కుడికాలు" అన్నాడు.

"కాదు, ఎడమది" అంది లక్ష్మి.

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. రోజుకు వేలసార్లు తొక్కే కాళ్ళు వాళ్ళవి, అయినా ఏది ముందో చెప్పలేకపోతున్నారు. పక్కింటాయన వచ్చి ఇంకో మాట చెప్పాడు. వాదన పెరిగింది. సుంకమ్మ "ఉండండ్రప్పా, నోటితో అడిగితే వచ్చేదేనా అది" అంటూ బయటికొచ్చి అరుగు అంచున కూర్చొని కాళ్ళు కిందికి వదిలింది. గాలిలో కాళ్ళు ఆడించి చూసింది. "కాలి కింద ఏమన్నా ఆనకుంటే తెలీదురా."

ఈరన్న తల్లి ముందు నేల మీద కూర్చొని, రెండు అరచేతులూ ఆమె పాదాల కింద పెట్టాడు. "నొక్కు మా."

ఆమె కళ్ళు మూసుకుంది. కుడిచేత్తో లేని తాడు లాగి నాడె విసిరింది, ఎడమచేత్తో లేని పలక జరిపి పోగు బిగించింది. కాళ్ళు వాటంతటవే లయలో పడ్డాయి. కొడుకు చేతులు ఒకటి దిగితే ఒకటి లేస్తున్నాయి. "ఎడమది మా, ఎడమది" అని ఈరన్న ఓడిపోయినందుకు నవ్వుతున్నాడు. మడమ కొంచెం లేచి, బొటనవేలు విడిగా నిలబడి, ముని పాదం మాత్రమే నొక్కుతోంది. నేను గీస్తూనే ఉన్నాను. పది కాగితాలు అయ్యాయి. నా జన్మలో మొదటిసారి వేళ్ళు వేళ్ళలా వచ్చాయి. అంత సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

పదకొండున్నరకు ఆ అరుగు మీదే ఖాళీ కార్డు పరిచి కొత్త బొమ్మ మొదలుపెట్టాను. గుంత కనబడాలి కాబట్టి, నేలను కత్తితో కోసినట్టు చూపించాను. పైన చీర, మధ్యలో నేల, కింద కాళ్ళు. మధ్యాహ్నం లక్ష్మి భక్ష్యం, అంటే బొబ్బట్టు, నెయ్యి తెచ్చిపెట్టి, బొమ్మకు నెయ్యి అంటకుండా తానే కార్డు పట్టుకొని నిలబడింది. రెండూ యాభైకి రంగు ఆరీ ఆరకముందే లేచాను. పాత బొమ్మను మళ్ళీ అట్టల మధ్య పెట్టలేదు. సుంకమ్మకు ఇచ్చేశాను.

సావుకారు అంగట్లో ఎత్తు గద్దె మీద పరిచిన తెల్ల పరుపుపై బాసింపట్టు వేసుకొని కూర్చొని ఉన్నాడు. పక్కన ప్రయాణానికి సర్దిన పెట్టె. బొమ్మ తీసుకొని వెలుతురుకు తిప్పి చూశాడు. నాకు సోమవారం కళ్ళ ముందు కనబడుతోంది. మిల్లు, గేటు, పద్దుల పుస్తకం.

ఆయన మెల్లగా కాళ్ళు విప్పి పరుపు అంచు నుంచి కిందికి వదిలాడు. ఎడమది, కుడిది, ఎడమది. కదులుతున్నట్టు ఆయనకు తెలిసినట్టు లేదు.

"గుంతలో కూసోక ముప్పై ఏండ్లు దాటె" అన్నాడు. "ఈ కాళ్ళు యాడ చూసినావప్పా?"

చెప్పాను. అంతా విని నవ్వి, మళ్ళీ బొమ్మ కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "మెట్టెలు మరిసినావు. మొగుడుండాడో లేడో తెలీని ఆడమనిసి బొమ్మ పెడితే ఆ చీర ఎవురు కొంటారు?"

ఇంకు సీసా తీసి అక్కడే నాలుగు గీతల్లో మెట్టెలు పెట్టాను. ఊది ఆరబెట్టాను. ఆయన బొమ్మను పెట్టెలో చీరల మడతల మధ్య భద్రంగా పెట్టి, "తిరిగొచ్చినంక కనపడు. దుప్పట్లకు ఒకటి కావాల" అన్నాడు.

ఐదున్నర బస్సుకు నిలబడే చోటే దొరికింది. నాకు అదే మేలనిపించింది, కూర్చుంటే ఆ సంతోషంతో ఎవరినో ఒకరిని మాటలతో చంపేవాణ్ణి. ఎమ్మిగనూరు పోయి నేత చూడాలనుకునే వాళ్ళు పంచాంగం చూసుకొని, అమావాస్య కాని రోజు బయలుదేరండి. తప్పనిసరిగా అమావాస్య నాడే పోవాల్సి వస్తే దిగులుపడొద్దు. ఏదో ఒక అరుగు దగ్గర నిలబడి, ఏ కాలు ముందు అని అడగండి. ఆ వీధివాళ్ళు మీకు చూపించకుండా పంపరు. ఆ ఊరి మనుషుల మంచితనం మీద నాకు అంత నమ్మకం.

ఏడింటికి ఆదోనిలో దిగాను. బస్టాండులో నాన్న నిలబడి ఉన్నారు. చేతిలో ఖాళీ కూరగాయల సంచి. కూరగాయల మార్కెట్టు ఇంకో దిక్కున ఉంది. ఎంతసేపటి నుంచి అక్కడున్నారో నేను అడగలేదు.

"ఏమాయె?" అన్నారు.

"ఒప్పుకున్నాడు నాన్నా. ఇంకోటి కూడా వేయమన్నాడు."

ఆయన ఇంటి దారి పట్టారు. ఆ మిల్లులో ఆయన మాట ఇచ్చి ఉన్నారు, మిల్లు యజమాని ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఒప్పందం ఒప్పందమేనని గట్టిగా అనాలని ఉంది. పోస్టాఫీసు దాకా అలాగే నడిచాం. అక్కడ ఆయన ఆగి, సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"సోమవారం మిల్లుకు నేను పోతాలే. నువ్వు పోతే ఆయప్ప ముందర నీళ్ళు నములుతావు. మావాడు బొమ్మలేసే పనిలో ఉండాడు, తీరిక లేదని నేనే చెప్తా."