మా ఇంటికి వచ్చిన సర్వే

నేను సర్వేలు చేసే మనిషిని. నర్సులు, ప్రైవేటు స్కూలు టీచర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, కోర్టులో జూనియర్ లాయర్లు, ఆడిటర్ల దగ్గర లెక్కలు రాసే పిల్లలు, ఇలా చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్తాను. జీతం సరిగా వస్తోందా, కూర్చోవడానికి కుర్చీ ఉందా, మనసొప్పని పని ఏదైనా చేయాల్సి వస్తోందా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు ట్యాబ్‌లో ఎక్కిస్తాను. మనుబోలు నుంచి బుచ్చిరెడ్డిపాలెం దాకా నేను బండి ఆపని వీధి లేదు.

జీతమెంత అని మనవాళ్ళు బస్సులో పక్క సీటువాడిని కూడా అడిగేస్తారు. వాడూ చెప్పేస్తాడు, కాస్త పెంచి. అదే ట్యాబ్ పట్టుకుని అడిగితే గొంతు తగ్గిపోతుంది. ఇక మనసొప్పని పని అనే ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అందరూ నిప్పులాంటి మనుషులే. ఒక మెడికల్ షాపులో గోడకు ఒకరి సర్టిఫికెట్ వేలాడుతుంటే మందులిచ్చేది ఇంకొకరు. ఆయన్ని అడిగితే, "అబ్బే, మా దగ్గర అట్టాంటివేం లేవు సార్, కాఫీ తాగతారా?" అన్నాడు. కాఫీ మాత్రం బాగుంది.

మాకొక నియమం ఉంది. ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. అయ్యో అనకూడదు, సలహా ఇవ్వకూడదు, వాళ్ళ యజమానిని తిట్టకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఇది నేర్పేది నేనే. మా వీధివాళ్ళకు ఈ సంగతి తెలిస్తే పడీపడీ నవ్వుతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కూరలో ఉప్పు తగ్గినా, కరెంటు పోయినా, టీవీలో ఎవరో ఏదో వాగినా ఊరుకోను. రోజంతా బయట నోరు కట్టుకుని ఇంటికొచ్చి విప్పుతాడు అంటుంది నా భార్య.

ఆమె రొయ్యల ల్యాబ్‌లో పనిచేసేది. కొడవలూరు దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, మేతా మందులూ అమ్మే దుకాణం వెనక గదిలో ఉంది ఆ ల్యాబ్. తెల్లవారగానే రైతులు రొయ్యలు పెంచే గుంటల నీళ్ళు సీసాల్లో, రొయ్యలు కవర్లలో పట్టుకుని వస్తారు. ఆమె నీళ్ళు పరీక్షించి, రొయ్యను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, రోగం ఉందో లేదో రాసి సంతకం చేసేది. పరీక్ష ఉచితం. మందు కావాలంటే ముందు గదిలోనే దొరుకుతుంది. ఈ ఏర్పాటులో తిరకాసు ఎక్కడుందో ఊరందరినీ ప్రశ్నలడిగే నాకు ఎన్నడూ తట్టలేదు.

ఈసారి సర్వేలో ల్యాబ్‌ల వంతు వచ్చింది. ఎంపికైన పేర్లలో ఆమె పేరు కూడా ఉంది. సొంతవాళ్ళను మేం అడగకూడదు కనుక బుచ్చిరెడ్డిపాలెం అమ్మాయిని పంపారు. నా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చింది, చేతిలో బైబిలు, భుజానికి ట్యాబ్ సంచీ. (అప్పుడు జరిగిందంతా నా భార్య సరేనన్నాకే రాస్తున్నాను. ఒకటి రెండు చోట్ల నన్ను నేను మంచిగా చూపించుకున్నానని ఆమె ఫిర్యాదు.)

టీ అంగడి దాకా పోయి కూర్చుందామని నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె ఆపింది.

"యాడికి? పొయ్యి మీద పాలుండాయి. ఆడ నిలబడి చూస్తా ఉండు."

"నేనుండకూడదు మే. రూలు."

"వంటింట్లో ఉంటే ఏంది? నిన్నెవురూ ఏం అడగడంలేదు గదా."

"అన్న బయట ఉంటేనే మంచిదక్కా" అని ఆ పిల్ల నసిగింది.

"పాలు పొంగితే నువ్వు తుడస్తావా పాపా?"

పిల్ల సంచీలోంచి ట్యాబ్ తీసింది. మా వంటింటికి తలుపు లేదు, అడ్డం ఒక కర్టెన్ ఉంది అంతే. నేను వెళ్ళి గరిటె పట్టుకుని పాల ముందు నిలబడ్డాను.

మొదటి ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చినవే. పని గంటలు, సెలవులు, కుర్చీ, ఫ్యాను. ఆమె చకచకా చెప్పుకుపోయింది. ల్యాబ్‌లో ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదట, పక్కనున్న రైసుమిల్లుకు వెళ్ళాలట. అక్కడ మగవాళ్ళుంటే పొద్దుటి నుంచీ నీళ్ళు తాగడం మానేస్తుందట. ఊళ్ళో టీచర్లందరి బాత్రూముల సంగతీ నాకు తెలుసు, నా ఇంటి మనిషిది తెలియదు.

తరువాత ఆ ప్రశ్న వచ్చింది. "మనసుకు తప్పనిపించే పని చేయమని ఒత్తిడి ఏమన్నా ఉందా అక్కా?"

"ఉంది" అంది ఆమె.

అంత సూటిగా ఆ మాట చెప్పినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

"గుంట నీళ్ళు ప్లేటులో వేసి ఒక రోజు ఉంచుతాం. పచ్చ చుక్కలు లేస్తే ఆ నీళ్ళలో చెడ్డ క్రిమి ఉండాదని లెక్క. లేవకపోయినా లేచినాయని రాయమంటాడు మా ఓనరు. రాస్తే రైతు మందు కొంటాడు. మంచిగుండే గుంటలో మందు గుమ్మరిస్తే, కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. నేను రాయలా. బతిమాలినాడు, అరిచినాడు. రాయలా. రేపు పొద్దునకి తేల్చుకోమన్నాడు, రాస్తావా, పోతావా అని."

"ఇంట్లో చెప్పినారా అక్కా?" అది కూడా మా ప్రశ్నల్లో ఒకటే.

"చెప్పలా. చెప్తే మా ఆయన పోయి కొట్లాడతాడు. ముందు స్కూల్లో టీచరుగా చేసేటప్పుడు, పొద్దుగూకులూ నన్ను నిలబెడతా ఉండారని ఆయనతో ఒక మాట అన్నా. మర్నాడే పోయి హెడ్మాస్టరు మీద అరిచినాడు. నా ఉద్యోగం పోయింది. ఆయనేమో గెలిచినట్టు మీసం తిప్పుకుంటా వచ్చినాడు. చెడ్డోడు కాదు పాపా. నా మీద ప్రాణం. కానీ నా తగువు నన్ను పడనీయడు. ఈ పనంటే నాకిష్టం. ఉండాలన్నా, పోవాలన్నా నేను తేల్చుకోవాల."

సుయ్యిమని శబ్దం వచ్చింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. గరిటె చేతిలోనే ఉంది. కర్టెన్ అవతల ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు, మళ్ళీ తరువాతి ప్రశ్న మొదలైంది. నాకు సిగ్గేసింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఆ ఓనరు మీద కోపం కూడా వచ్చింది, లేదని ఎందుకు అబద్ధమాడాలి.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక ఆమె వంటింట్లోకి వచ్చింది. నేను గుడ్డతో పొయ్యి తుడుస్తున్నాను.

"విన్నావా?"

"కావాలనే నన్నీడ నిలబెట్టినావు నువ్వు."

"మరెప్పుడు చెప్పాల నీకు? నేను నోరు తెరవంగానే నువ్వు చెప్పులేసుకుంటావు. సర్వే అన్నాక మధ్యలో మాట్లాడవు, కడదాకా వింటావని పెట్టినా ఆ పాలు."

నాలుక చివరి దాకా పది మాటలు వచ్చాయి. అందులో రెండు రాయదగినవి కావు. అన్నీ మింగి, "రేపు ఏం చేస్తావు?" అని మాత్రం అడిగాను. తెలియదంది. ఆ రోజంతా నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాను.

సోమవారం పొద్దున నన్నే దించమంది. దుకాణం ఎదుట బండి దిగి, "నువ్వు లోపలికి రాబాక" అని చెప్పి వెళ్ళింది. నేను రోడ్డుకు ఇవతల పంక్చర్ షాపు నీడలో నిలబడ్డాను. రైతులు సీసాలతో, కవర్లతో వరుసగా ఉన్నారు. కాసేపటికి ఓనరు బయటికి వచ్చి నన్ను చూసి, "ఏమన్నా, బాగుండావా?" అని చెయ్యి ఊపాడు. నేనూ చెయ్యి ఊపాను. ఆ చెయ్యి పైకి లేపడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

ఆమె బయటికి వచ్చేసరికి తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుని ఉంది. అన్నం క్యారియర్ తెరవనే లేదు. వరుసలో ముందున్న రైతు కంగారుపడ్డాడు.

"ఏమ్మా, పోతా ఉండావా? నా రొయ్యలు చూడలేదే!"

ఆమె ఆగింది. కవర్ తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "పేగు నిండుగా ఉండాదన్నా. మేత బాగా తింటా ఉండాయి. ఏ మందూ వేయబాక" అని గట్టిగా, లోపలికి వినపడేలా చెప్పి కవర్ ఇచ్చేసింది. రోడ్డు దాటి వచ్చి బండెక్కింది.

కొంత దూరం పోయాక నా వీపుకు నుదురు ఆనించి ఏడ్చింది. చొక్కా తడిసింది. వెనక్కి తిరిగి వెళ్ళి ఆ దుకాణం పీకి పందిరేద్దామా అనిపించింది. బండి వెనక్కి తిప్పలేదు.

"మే, ఆ మైక్రోస్కోప్‌లోంచి చూస్తే రొయ్య ఎట్టుంటాది?" అన్నాను.

ఆమె ముక్కు చీదుకుంది. తరువాత మెల్లగా మొదలుపెట్టింది. రొయ్యపిల్ల గాజులా ఉంటుందట. దాని గుండె కొట్టుకోవడం బయటికే కనబడుతుందట. తిన్న మేత పేగులో సన్నగా, దారంలా కదిలిపోతుందట. మొదటి రోజు ఆ గుండెను చూస్తూ అన్నం తినడం మరిచిపోయిందట. జబ్బు చేసిన రొయ్యకు కాలేయం ఎలా పాలిపోతుందో, ఒక రైతు గుంటను ముందుగా చూసి చెబితే ఆయన ఎలా గట్టెక్కాడో, అన్నీ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఏడుపు తగ్గి, గొంతు మామూలైంది. చేతులు కూడా తిప్పుతోందని బండి అద్దంలో కనిపించింది. ఇన్నేళ్ళలో ఆమె పని గురించి అంతసేపు మాట్లాడటం నేను వినలేదు.

మా ఇంటి మలుపు వచ్చింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నేను బండి తిప్పకుండా నేరుగా పోనిచ్చాను.